అంకె వాడిది... చేతులు నావి!

సంక్రాంతికి పెద్దముడియం వెళ్లాను. మా అక్కావాళ్లూరు. జమ్మలమడుగులో దిగి ఇంకో బండెక్కితే రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి, కంటికి ఆనినంత మేరా శనగ. కాయ పట్టే రోజులు. గట్టు మీద కూర్చుని పచ్చి శనగకాయలు ఒలుచుకు తినొచ్చని ఆశగా పోయానా... సంచి కింద పెట్టకముందే అక్క చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"రేయ్, వాడికి నువ్వన్నా చెప్పురా!"

వాడంటే మా మేనల్లుడు. ఇరవై మూడేళ్లు. ఇంజినీరింగ్ అయిపోయి రెండేళ్లయింది. మొదట ఒక సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరాడు. మూణ్నెల్లకి బ్యాంకు పరీక్షలన్నాడు. అది నడుస్తుండగానే గ్రూప్స్ పుస్తకాలు కొన్నాడు. తర్వాత డిజిటల్ మార్కెటింగ్. ఆ తర్వాత ఇంకేదో. ఇప్పుడు బెంగళూరులో ఫ్రెండు దగ్గర సెకండ్‌హ్యాండ్ ప్లేస్టేషన్ ఒకటి కొనుక్కొచ్చి, పడసాలలో టీవీకి తగిలించుకు కూర్చున్నాడు. సీరియల్ పోయిందని వాళ్ల జేజి కూడా వాడి మీద కోపంగానే ఉంది.

మేనమామను కదా! గొంతు సవరించుకుని లోపలికెళ్లాను. గంట తర్వాత అక్క తొంగి చూసేసరికి రిమోట్ నా చేతిలో ఉంది. నేను చస్తున్నాను. అంటే ఆటలో!

ఆరు గళ్లు... పిడికెడు పాయింట్లు

ఆ ఆట పేరు 'బ్లడ్‌బోర్న్'. జపాన్‌లోని ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ కంపెనీ తయారుచేసింది. దర్శకుడు హిడెటాకా మియాజాకి. 2015 మార్చిలో ప్లేస్టేషన్-4 కోసం వచ్చింది. యార్నమ్ అని ఒక ఊరు. రోగాలకు రక్తంతో వైద్యం చేసే ఊరు. ఆ వైద్యమే వికటించి మనుషులు మృగాలవుతుంటారు. మనం వేటగాళ్లం. ఒక్క రాత్రి కథ. ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను. ఇది పిల్లలాట కాదు. నెత్తురు ఎక్కువ, భయం ఎక్కువ. అమెరికాలో దీనికి పదిహేడేళ్లు నిండినవాళ్లకే అని ముద్ర వేశారు. ఇంట్లో చిన్నవాళ్లుంటే టీవీ ఆపేయండి.

ఇలాంటి ఆటల్లో మనకు దొరికేది తయారైన వీరుడు కాదు. వాణ్ని మనమే తయారుచేసుకోవాలి. ఈ పద్ధతికి తాత 1974లో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. అది కంప్యూటర్ ఆట కూడా కాదు, నలుగురు బల్ల చుట్టూ కూర్చుని కాగితాలు, పాచికలతో ఆడేది. అందులోనే మనిషిని ఆరు అంకెలుగా విడగొట్టారు. బలం ఇంత, చురుకు ఇంత, తెలివి ఇంత... అని. ఆ లెక్క కంప్యూటర్లోకి వచ్చింది. 2000లో వచ్చిన 'డయాబ్లో-2'తో ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చున్న మన కుర్రాళ్లక్కూడా అలవాటైంది.

బ్లడ్‌బోర్న్‌లోనూ ఆరు గళ్లే. ప్రాణానికి వైటాలిటీ, దమ్ముకి ఎండ్యూరెన్స్, కండబలానికి స్ట్రెంగ్త్, చేతివాటానికి స్కిల్, తుపాకీకీ రక్తంతో నడిచే ఆయుధాలకూ బ్లడ్‌టింజ్, మంత్రతంత్రాలకు ఆర్కేన్. శత్రువును చంపితే 'బ్లడ్ ఎకోస్' వస్తాయి. అదే ఆ ఊళ్లో డబ్బు. అవి చెల్లిస్తే ఒక లెవెల్ పెరిగి ఒక్క పాయింటు చేతికొస్తుంది. దాన్ని ఏ గడిలో వేస్తామన్నది మన ఇష్టం. లెవెల్ పెరిగేకొద్దీ పాయింటు ధర పెరుగుతుంది. ఒకసారి వేసిన పాయింటు మళ్లీ వెనక్కి రాదు.

"తప్పుగా వేస్తే?" అన్నాను.

"అంతే మామా. మళ్లీ మొదట్నించి ఆడుకోవాల్సిందే."

డయాబ్లో-2లో కూడా మొదట్లో ఇంతే. వేసింది వేసిందే. జనం పదేళ్లు మొత్తుకుంటే 2010లో పాయింట్లు తీసి మళ్లీ పంచుకునే వెసులుబాటు ఇచ్చారు. ఇదే ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2022లో తెచ్చిన 'ఎల్డెన్ రింగ్'లోనూ ఆ వీలుంది. బ్లడ్‌బోర్న్‌లో మాత్రం లేదు. అందుకే ఒక్కో పాయింటు వేసేముందు మావాడు కంసాలి త్రాసు చూసినట్టు చూస్తాడు.

ఏ కడుపున పుడతావు?

ఆట మొదలుపెట్టగానే 'నీ గతం ఏమిటి?' అని అడుగుతుంది. సైన్యంలో పనిచేశావా? గొప్పింటి బిడ్డవా? ఊరంతా పోయి ఒక్కడివే మిగిలావా? ఎందుకూ కొరగానివాడివా? ఒక్కో గతానికి ఒక్కో రకంగా పాయింట్లు. కొరగానివాడిగా పుడితే నాలుగో లెవెల్. మిగతా అందరూ పదో లెవెల్.

అది చూసి నవ్వొచ్చింది. ఇలాంటి కథ ఒకటి పెద్దముడియానికే ఉంది మరి! 11వ శతాబ్దపు తూర్పు చాళుక్యుల శాసనాలు చెప్పే కథ. అయోధ్య నుంచి దక్షిణాదికి వచ్చిన విజయాదిత్యుడు త్రిలోచన పల్లవుడితో యుద్ధంలో పోతాడు. నిండు గర్భిణి అయిన రాణి ముడివేము అనే అగ్రహారం చేరుతుంది. విష్ణుభట్ట సోమయాజి అనే పెద్దాయన కన్నకూతురిలా కాపాడతాడు. అక్కడ పుట్టినవాడే విష్ణువర్ధనుడు. పెరిగి పెద్దయి, తల్లి నోట తన సంగతి విని, చాళుక్యగిరి మీద తపస్సు చేసి రాజ్యం సంపాదిస్తాడు. ఆ ముడివేము ఈ పెద్దముడియమే అంటారు చరిత్ర రాసినవాళ్లు. వంశాన్ని గొప్పచేసుకోవడానికి చెప్పుకున్న కథ కావచ్చు. కానీ రాజ్యం పోయి, తండ్రి పోయి, పరాయి పంచన పుట్టిన పిల్లాడు అంటే... మొదటి లెవెల్ అన్నమాటే!

మావాడు ఎంచుకున్న గతం 'ప్రొఫెషనల్'. మొదట్నించీ స్కిల్ 15. స్ట్రెంగ్త్ తొమ్మిదే. అంటే బక్కోడు, కానీ చెయ్యి చురుకు. ఆయుధం 'థ్రెడెడ్ కేన్'. మడిస్తే పెద్దమనిషి చేతికర్ర, విదిలిస్తే పళ్లున్న కొరడా. ఆట తెలిసినవాళ్లు దీన్ని స్కిల్ బిల్డ్ అంటారు. మొత్తం జాతకం ముందే రాసి పెట్టుకున్నాడు, పాత నోట్‌బుక్కు వెనక అట్ట మీద.

"ముందు స్కిలేనా?"

"కాదు మామా. ముందు బతకాల కదా! వైటాలిటీ తొమ్మిదుంది. దాన్ని 25 చేయాల. అంటే పదహారు పాయింట్లు. స్కిల్ 15 నుంచి 25కి, పది. స్ట్రెంగ్త్‌కి ఒకటంటే ఒకటి."

"ఆ ఒక్కటీ ఎందుకు?"

"రకుయో అని ఒక కత్తుంది. దానికి స్కిల్ 20, స్ట్రెంగ్త్ 10 కావాల. నాకు తొమ్మిదుంది. ఆ ఒక్కటీ వేస్తే చాలు. రెండోది వేస్తే దండగ."

లెక్క వేశాను. మొత్తం ఇరవై ఏడు పాయింట్లు. పదో లెవెల్లో మొదలైనవాడు ముప్పై ఏడో లెవెల్‌కి వస్తాడు. ఆ తర్వాత స్కిల్‌ని 50 దాకా తీసుకుపోవాలి. అక్కడ ఆగాలి. గడిలో 99 దాకా చోటున్నా, 25 వరకు వేసిన పాయింటుకి మంచి ఫలితం, 50 వరకు ఫరవాలేదు, ఆ పైన వేస్తే పెరిగేది పిసరంతే. బ్లడ్‌టింజ్, ఆర్కేన్ గళ్లు? వాటి వంక కూడా చూడడు.

"అన్నిట్లో తలా కొంచెం వేసుకుంటే పోలా?"

వాడు నా వైపు జాలిగా చూశాడు. "పాయింట్లు ఉండేది పిడికెడు. అన్నిట్లో వేస్తే అన్నీ చెడతాయి మామా. ఏ కత్తీ సరిగా తెగదు."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

కోలాటం కర్రలా...

స్కిల్ పెంచితే ఏమొస్తుంది? మొదటిది, చురుకైన ఆయుధాలు గట్టిగా తెగుతాయి. రెండోదే అసలుది. ఈ ఆటలో ఎడమచేతిలో తుపాకీ ఉంటుంది. చంపడానికి కాదు. శత్రువు మన మీదికి దెబ్బ విసిరే ఆ క్షణానికి సరిగ్గా పేలిస్తే వాడు తూలి మోకాళ్ల మీద పడతాడు. అప్పుడు దగ్గరికెళ్లి ఒక మీట నొక్కితే 'విసరల్ అటాక్'. ఆటలో అంతకు మించిన దెబ్బలు తక్కువ. ఆ దెబ్బ బరువు స్కిల్‌తో పెరుగుతుంది. అందుకే స్కిల్ వాడికి తుపాకీయే సగం ప్రాణం. తూటాలు మాత్రం ఇరవయ్యే పట్టుకెళ్లనిస్తారు. తప్పిన ప్రతి తూటా అప్పే.

కోలాటం ఆడినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఎదుటివాడి కర్ర వచ్చే క్షణానికి మన కర్ర అక్కడ ఉండాలి. ముందొస్తే గాలి. ఆలస్యమైతే వేళ్లు!

మావాడి పాత క్యారెక్టర్ ఒకటుంది. స్కిల్ 50, చేతిలో రకుయో. రెండు కొసలా పదునున్న కత్తి. విడదీస్తే ఒక చేతిలో పొడుగు కత్తి, రెండో చేతిలో చిన్నది. 'ద ఓల్డ్ హంటర్స్' పేరుతో 2015 నవంబర్లో వచ్చిన అదనపు కథలో, చేపలు పట్టేవాళ్ల పల్లెలో, ఒక బావి అడుగున ఇద్దరు భీకరమైన చేపరాకాసులు కాపలా కాస్తుంటే, వాళ్లని దాటితేనే దొరికే కత్తి అది.

"ఇదిగో మామా, అంతా తయారుగా ఉండాది. ఆడు" అని నా చేతికిచ్చాడు.

యాభై స్కిల్! మీసం మెలేసి పల్లెలోకి అడుగుపెట్టాను. రెండు నిమిషాలు కూడా బతకలేదు. మళ్లీ వెళ్లాను. మళ్లీ పోయాను. తుపాకీ ముందు పేలుతోంది, లేదంటే నేను పోయాక పేలుతోంది. తర్వాత మావాడు కొత్త క్యారెక్టర్ మొదలుపెట్టాడు. స్కిల్ 15. చేతికర్ర. అరగంటలో ఊరి వీధి దాటేశాడు. ఒక్క దెబ్బ తగిలినా వెనక్కి పోకుండా వెంటనే ఎదురు కొట్టి, పోయిన ప్రాణంలో సగం రాబట్టుకుంటున్నాడు. అవును, ఈ ఆటలో ఆ వరం ఉంది. దెబ్బ తిన్న వెంటనే తిరిగి కొడితే పోయింది కొంత తిరిగొస్తుంది. భయపడి పారిపోతే రాదు.

తేడా ఎక్కడుంది? అంకె వాడిది... చేతులు నావి! కాగితం మీద యాభై ఉండొచ్చు. వేళ్లలో ఉన్నదెంత? పాయింట్లు బ్లడ్ ఎకోస్ ఇచ్చి కొనుక్కోవచ్చు. ఆ క్షణం ఏదో తెలియడం మాత్రం ఎవరూ అమ్మరు. చచ్చి చచ్చి తెలుసుకోవాలి.

చస్తే ఏమవుతుందంటే... చేతిలో ఉన్న ఎకోస్ అన్నీ చచ్చినచోటే పడిపోతాయి. మళ్లీ అక్కడిదాకా వెళ్లి తెచ్చుకోవచ్చు. ఒక్కోసారి అవి శత్రువు చేతిలో ఉంటాయి. అప్పుడు వాడి కళ్లు మెరుస్తుంటాయి. వాణ్ని చంపి తీసుకోవాలి. దారిలోనే మళ్లీ చచ్చామా, ఇక అవి లేనట్టే. ప్రొద్దుటూరు బంగారు అంగడికి డబ్బు సంచితో బయల్దేరినవాడికి ఎంత జాగ్రత్త ఉంటుందో, అంత ఉండాలి.

నాకంటూ ఒక ప్రొఫెషనల్‌ను పుట్టించాను. వాడితో వీధి దాటి ఫాదర్ గ్యాస్కాయిన్ దాకా వచ్చాను. సమాధుల తోటలో గొడ్డలి పట్టుకుని ఉంటాడు. ఒకప్పుడు తనూ వేటగాడే. వేటాడి వేటాడి తానే మృగమైపోతాడు. వాడి చిన్నకూతురు కిటికీ వెనకనుంచి ఒక పాటల పెట్టె ఇస్తుంది. అది వాయిస్తే గ్యాస్కాయిన్ తల పట్టుకుని కాసేపు నిలబడిపోతాడు. ఎంత మృగమైనా లోపలెక్కడో తండ్రి! ఆ సంగతి తెలిశాక వాణ్ని కొట్టడానికి నాకు చెయ్యి రాలేదు. రాక పోయాననుకున్నారా? వచ్చినా పోయాను. పద్దెనిమిది సార్లు.

బావ చెప్పిన లెక్క

రాత్రి జొన్నరొట్టె తింటూ కూర్చున్నాం. పాయింట్ల సంగతి బావకు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన నవ్వలేదు.

"ఒకదాంట్లోనే వేస్తే అది చెడిపోతే ఎట్ల?" అన్నాడు.

"ఆటలో చెడిపోదు నాయనా. పాయింటు వేస్తే దెబ్బ పెరుగుతాది. ఖాయం" అన్నాడు మావాడు.

"అదే మరి ఆటకీ సేనుకీ తేడా! నేను శనగ వేస్తా. భూమిలో తేమ చూసి విత్తుతా. ఆ తర్వాత మబ్బు పడితే పురుగు, వాన పడితే కుండ్రాదు. నాకెవురన్నా ఖాయమని చెప్తారా? అందుకే పదెకరాలుంటే ఎనిమిదింట్లో శనగ. రెండెకరాల్లో జొన్న. ధర రాకపోయినా రొట్టె ఉంటాది, గొడ్లకి సొప్ప ఉంటాది."

మావాడు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "అంటే జొన్న నీకు వైటాలిటీ..."

"పేరు ఏదైతేనేం! ముందు ఇల్లు బతకాల. ఆ తర్వాత మిగిలిన ఎనిమిదెకరాలూ ముక్కలు చేయను. ఒకెకరా శనగ, ఒకెకరా ధనియాలు, ఒకెకరా పొద్దుతిరుగుడు, ఒకెకరా ఇంకోటి... అంటే ఏ పంటకీ సేద్యం సక్రమంగా చేయలేం."

రిమోట్ పట్టుకోనివాడు, స్క్రీన్ వైపు చూడనివాడు, మా అందరికంటే ముందే ఆట అర్థం చేసుకున్నాడు. కాదు... ఆయన ఎప్పట్నించో ఆడుతున్నదే అది.

పడుకునే ముందు మావాడు బయోడేటా తీసుకొచ్చాడు. హైదరాబాదులో ఎవరికైనా చూపించమని. తిప్పి చూశాను. 'స్కిల్స్' అని ఒక గడి. అందులో పద్నాలుగు పేర్లు! ఆ భాష, ఈ భాష, డిజైన్, మార్కెటింగ్, టైపింగు, నాయకత్వ లక్షణాలు... అన్నీ ఉన్నాయి. ప్రతిదానికీ ఒక సర్టిఫికెట్టు కూడా ఉంది.

ఏదో అనబోయాను. అనలేదు. వాడే కాసేపు ఆ కాగితం వంక చూసి, "అన్నిట్లో తలా ఒకటి వేసినట్టుండాది కదా మామా" అన్నాడు.

"ఇందులో నీ చేతికి వచ్చిందేది?"

చాలాసేపు పట్టింది జవాబు రావడానికి. "రెండు. కాదు... ఒకటిన్నర."

ఇప్పుడు మనసులో మాట చెప్పనా? ఆ పద్నాలుగూ వాడొక్కడే వేసుకోలేదు. ఫలానావాళ్లబ్బాయి ఆ కోర్సు చేశాడంట అని అక్క ఫోన్ చేసింది. గ్రూప్స్ రాయమన్నది సాక్షాత్తూ నేను. డిజిటల్ మార్కెటింగ్‌కి ఇప్పుడు గిరాకీ అని పేపర్లో వచ్చిన కటింగ్ పంపింది కూడా నేనే. వాడి పాయింట్లు మేమందరం తలా ఒక గడిలో వేశాం. ఏ కత్తీ తెగడం లేదేమని మళ్లీ వాణ్నే తిడుతున్నాం. ఆటలో అయితే వాడి గడి వాడే చూసుకుంటాడు. ఎవర్నీ వేలు పెట్టనివ్వడు. అందుకేనేమో అక్కడ అంత నిబ్బరంగా ఉన్నాడు!

ఆటలు ఆడితే జీవితం అర్థమవుతుందని నేననడం లేదు. పొద్దస్తమానం టీవీ ముందు కూర్చోవడం మంచిదనీ అనడం లేదు. ఆటకీ బతుక్కీ ఉన్న తేడా బావ చెప్పనే చెప్పాడు. ఇంకొకటి నేను చెబుతాను. ఆటలో తప్పు చేస్తే మళ్లీ మొదట్నించి ఆడుకోవచ్చు. ఇరవై మూడేళ్లవాడికి ఇంకో ఇరవై మూడేళ్లు ఎవరిస్తారు? అందుకే ఒక్క సంగతి మాత్రం అడగాలనిపిస్తోంది. మీ ఇంట్లోనూ ఇలాంటివాడు ఒకడుంటే, రిమోట్ లాక్కోబోయే ముందు పక్కన కూర్చుని ఓ ప్రశ్న వేయండి. 'నీ పాయింట్లు దేంట్లో వేశావు? ఎందుకు వేశావు?' అని. మనం వాళ్లకి నేర్పాలనుకుంటున్న లెక్క వాళ్లు అప్పటికే చేస్తుండొచ్చు. కాకపోతే వేరే చోట.

ఇంతకీ వాడికి ఉద్యోగం వచ్చిందా అని అడుగుతారు. ఇంకా రాలేదు. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక అంగట్లో పగలు కంప్యూటర్ లెక్కలు చూస్తున్నాడు. అది జొన్న. సాయంత్రం ఆ 'ఒకటిన్నర'లో ఒకటి పట్టుకుని కూర్చుంటున్నాడు. అది శనగ. పండుతుందో లేదో నాకూ తెలియదు, వాళ్ల నాయనకూ తెలియదు. బయోడేటాలో గడి మాత్రం చిన్నదైంది. ప్లేస్టేషన్ ఆదివారం ఒక్కపూటే. వాళ్ల జేజికి సీరియల్ తిరిగొచ్చింది.

మొన్న ఫోన్ చేశాడు.

"మామా, పండక్కి రా. నీ క్యారెక్టర్ ఆ సమాధుల తోట కాడే నిలబడి ఉండాడు."

"స్కిల్ ఏమన్నా పెంచావా వాడికి?"

"నేనెందుకు పెంచుతా? నీ పాయింట్లు నువ్వే వేసుకోవాల!"